రేకుల వసారా – గాలికి లేవకుండా

రామంతాపూర్‌లో చాలా ఇళ్లు చిన్న జాగాలో కట్టినవే. ఉప్పల్, నాచారం ఫ్యాక్టరీ పనుల మీద బతికే కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. ముందు గది, వెనక వంటిల్లు. వంటింటి వెనక కొంచెం పెరడు. అంట్లు తోమేది అక్కడే. బట్టలు ఉతికేది అక్కడే. కుట్టు మిషను ఉన్న ఇంట్లో గాలి కోసం దాన్ని కూడా అక్కడే వేసుకుంటారు.

కానీ ఎండాకాలం పెరట్లో నిలబడలేరు. వానాకాలం అడుగు పెట్టలేరు. అక్కడ కొంచెం నీడ వేస్తే ఇంటికి ఒక గది కలిసొచ్చినట్టే. దాన్నే కొందరు పంచ అంటారు. కొందరు వసారా అంటారు. రేకుల షెడ్డు అనేవాళ్లూ ఉన్నారు. పేరు ఏదైనా పని ఒకటే.

ఇంట్లో ఇద్దరు పని చేయగలిగితే దీన్ని చాలావరకు సొంతంగానే కట్టుకోవచ్చు. గుంతలు తీయడం, కాంక్రీటు పోయడం, తడపడం, రంగు వేయడం, రేకులు ఎక్కించడం ఇంటివాళ్లు చేసుకునే పనులే. వెల్డింగ్‌కు మాత్రం పని తెలిసిన మనిషిని పిలవాలి. కరెంటు పనికి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఈ రెండు పనుల్లో పొదుపు చేయకూడదు.

వసారా కూలదు, లేస్తుంది

వసారా కట్టేవాళ్లు చాలామంది ఒకే భయం పెట్టుకుంటారు. "పైన బరువు పడి కూలుతుందేమో" అనుకుంటారు. రేకుల వసారాకు ఆ భయం తక్కువ. రేకులు తేలిక. అసలు భయం గాలి.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట గాలి దుమారం వస్తుంది. గాలి వసారా కిందికి దూరుతుంది. బయటికి పోవడానికి దారి చాలదు. అప్పుడు రేకును కింద నుంచి పైకి తోస్తుంది. రేకు మీదుగా పోయే గాలి కూడా దాన్ని పైకే లాగుతుంది. రెండూ కలిసి రేకును లేపుతాయి.

ఒక ఇంట్లో అత్తాకోడళ్లు వసారా గురించి మాట్లాడుకుంటున్నారు అనుకోండి. మాటలు ఇలా ఉంటాయి.

"ఇంత సిమెంటు ఎందుకు బిడ్డా? రేకుల మీద నాలుగు రాళ్లు పెడితే ఆగవా? మా ఊర్ల తాటాకు పందిరికి ఏం సిమెంటు పోసినం?"

"తాటాకు సందుల్లకెల్లి గాలి పోతది అత్తమ్మా. రేకుకు సందు లేదు కదా. గాలి యాడికి పోవాలె? రేకునే ఎత్తుకొని పోతది. రాళ్లు మన నెత్తి మీదనే పడతయి."

కోడలి మాట నిజం. లెక్క చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

10 అడుగుల వెడల్పు, 9 అడుగుల పొడవు కప్పు అనుకోండి. అది 90 చదరపు అడుగులు. దాని మీద ఇనుప రేకుల బరువు సుమారు 40 కిలోలు. గంటకు 80 కిలోమీటర్ల గాలి వీస్తే ఆ కప్పును పైకి లేపే బలం సుమారు రెండున్నర క్వింటాళ్లు. 40 కిలోల రేకు రెండున్నర క్వింటాళ్ల గాలికి ఆగుతుందా? నాలుగు రాళ్లు పెడితే ఆగుతుందా?

ఇంకో సంగతి. గాలి వేగం రెండింతలైతే దాని బలం నాలుగింతలు అవుతుంది. హైదరాబాద్‌లో కట్టడాలకు ఇంజనీర్లు సెకనుకు 44 మీటర్ల గాలిని లెక్కలోకి తీసుకుంటారు. అంటే గంటకు 158 కిలోమీటర్లు. అంత గాలి ఎప్పుడో కానీ రాదు. వస్తే ఆ కప్పు మీద బలం దాదాపు 10 క్వింటాళ్లు ఉంటుంది.

లేచిన రేకు ఎక్కడో పడుతుంది. దాని అంచు కత్తిలాంటిది. పక్కింటి పిల్లల మీద పడొచ్చు. కరెంటు తీగల మీద పడొచ్చు. అందుకే వసారా కట్టడమంటే కప్పును నిలబెట్టడం ఒక్కటే కాదు. కప్పును నేలకు కట్టి ఉంచడం. కింద చెప్పే ప్రతి పనీ దీని కోసమే.

మొదలుపెట్టే ముందు

ముందు జాగా చూడాలి. ఇంటి వెనక కొంత ఖాళీ వదలాలని మున్సిపల్ నియమం ఉంటుంది. జాగా సైజును బట్టి ఆ ఖాళీ మారుతుంది. మున్సిపల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ వాళ్లను అడిగి తెలుసుకోవాలి. కట్టిన తర్వాత నోటీసు వస్తే డబ్బు, కష్టం రెండూ పోతాయి.

పక్కింటివాళ్లతో ముందే మాట్లాడాలి. వసారా నీళ్లు వాళ్ల గోడ మీద పడకూడదు. వాళ్ల కిటికీకి గాలి, వెలుతురు ఆగకూడదు.

తర్వాత కింద చూడాలి. పెరట్లోనే నీళ్ల సంపు ఉంటుంది. డ్రైనేజీ పైపు ఉంటుంది. కొన్ని ఇళ్లలో సెప్టిక్ ట్యాంకు ఉంటుంది. గడ్డపార వేసే ముందు అవి ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకోవాలి. వాటి పక్కనే గుంత తీయకూడదు.

చివరికి పైన చూడాలి. కరెంటు తీగలు ఎంత దూరంలో ఉన్నాయి? ఇంటి వెనక తీగలు దగ్గరగా పోతుంటే పని మొదలుపెట్టకూడదు. కరెంటు ఆఫీసుకు చెప్పాలి. ఫోను నంబరు 1912.

ఏమేమి సామాను కావాలి

గోడ వెంట 10 అడుగులు, గోడ నుంచి పెరట్లోకి 8 అడుగులు ఉండే వసారాకు ఈ సామాను సరిపోతుంది.

2 అంగుళాల చదరపు ఇనుప పైపులు 3. ఒక్కో పైపు 20 అడుగులు ఉంటుంది. వీటిలోంచి 3 కాళ్లు, 3 దూలాలు వస్తాయి.

ఒకటిన్నర అంగుళాల చదరపు పైపులు 2. వీటిలోంచి 3 అడ్డ పట్టీలు వస్తాయి. కొంత ముక్క మిగులుతుంది.

9 అడుగుల పొడవు ఇనుప రేకులు 3. ఒక్కో రేకు వెడల్పు సుమారు మూడున్నర అడుగులు. ఒక దాని అంచు మీద ఇంకోటి ఎక్కిస్తే మూడు కలిసి 10 అడుగులు కమ్ముతాయి.

సిమెంటు 3 బస్తాలు. ఇసుక లేదా రోబో ఇసుక. ముప్పావు అంగుళం కంకర. సలాక ముక్కలు. గోడకు బిగించే ఇనుప పలకలు 3, వాటికి యాంకర్ బోల్టులు. రబ్బరు వాషర్ ఉన్న రేకుల స్క్రూలు. రెడ్ ఆక్సైడ్ రంగు. నేలకు షాబాదు బండలు.

రెండు మూడు దుకాణాల్లో ధర అడగాలి. ధర కాగితం మీద రాయించుకోవాలి. పైపు మందం కూడా రాయించుకోవాలి. పల్చటి పైపు తక్కువ ధరకు వస్తుంది. కానీ అది తొందరగా తుప్పు పట్టి కాలు దగ్గర విరుగుతుంది.

పాత సిమెంటు రేకులు చౌకగా దొరికితే ఆలోచించి కొనాలి. వాటిలో ఆస్‌బెస్టాస్ అనే నార కలిసి ఉండొచ్చు. రేకును కోసినా, పగలగొట్టినా ఆ దుమ్ము లేస్తుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తర్వాత ప్రాణం తీసే జబ్బు వస్తుంది. ఇంట్లో ఇప్పటికే అలాంటి రేకులు ఉంటే వాటిని రంపంతో కోయకూడదు. పొడి చీపురుతో ఊడ్వకూడదు. వాటి మీద కాలు పెట్టి నడవకూడదు. అవి పగిలి మనిషి కింద పడతాడు.

మూల సరిగ్గా పెట్టడం

మూల వంకర పోతే రేకులు సరిగ్గా కూర్చోవు. మూల సరిచూడడానికి మేస్త్రీ దగ్గర మూలమట్టం ఉంటుంది. అది లేకపోయినా ఒక దారం, ఒక టేపు చాలు.

గోడ వెంట 3 అడుగుల దగ్గర ఒక గుర్తు పెట్టాలి. అదే మూల నుంచి పెరట్లోకి 4 అడుగుల దగ్గర ఇంకో గుర్తు పెట్టాలి. ఈ రెండు గుర్తుల మధ్య కొలవాలి. సరిగ్గా 5 అడుగులు వస్తే మూల సరిగ్గా ఉన్నట్టు. 5 కంటే ఎక్కువ వచ్చినా, తక్కువ వచ్చినా మూల వంకర ఉన్నట్టు. దారం జరిపి మళ్లీ కొలవాలి.

గోడ నుంచి 8 అడుగుల దూరంలో దారం కట్టాలి. దాని మీద మధ్య కాలుకు ఒక గుర్తు. దానికి అటు నాలుగున్నర అడుగుల దగ్గర ఒకటి, ఇటు నాలుగున్నర అడుగుల దగ్గర ఒకటి. ఇవే మూడు కాళ్ల జాగాలు.

కాళ్లు: వసారాకు అసలు బలం

ఒక్కో కాలుకు ఒకటిన్నర అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు గుంత తీయాలి. గట్టి మొరం తగిలితే మంచిది. చెరువు దగ్గరి పల్లపు జాగాలో మట్టి పోసి చదును చేసిన ప్లాట్లు ఉంటాయి. అక్కడ మెత్తటి మట్టి పోయి గట్టి నేల వచ్చేదాకా తవ్వాలి.

ఒక్కో గుంతలో పట్టే కాంక్రీటు బరువు సుమారు 300 కిలోలు. మూడు కాళ్లకు కలిపి 900 కిలోలు. పైకి లేపే గాలి బలంలో దాదాపు సగం కాళ్ల మీద, సగం గోడ మీద పడుతుంది. కాబట్టి పెద్ద గాలికి కూడా ఈ కాళ్లు నేలను వదలవు.

పైపు కాలు పొడవు 9 అడుగుల 9 అంగుళాలు. అందులో 1 అడుగు 9 అంగుళాలు కాంక్రీటులో ఉంటుంది. 6 అంగుళాలు నేల ఎత్తుకు పోతుంది. మిగతా ఏడున్నర అడుగులు పైన నిలుస్తుంది.

పైపు కింది చివర రెండు సలాక ముక్కలు అడ్డంగా వెల్డింగ్ చేయించాలి. ఇది చిన్న పని. కానీ మరవకూడదు. సలాక లేకపోతే కాంక్రీటు నేలలోనే ఉంటుంది, నున్నటి పైపు మాత్రం ఊడి వస్తుంది. పైపులకు ముందే రెడ్ ఆక్సైడ్ రంగు వేయాలి.

కాంక్రీటుకు ఒక తట్ట సిమెంటు, 2 తట్టల ఇసుక, 4 తట్టల కంకర. ముందు నీళ్లు లేకుండా బాగా కలపాలి. తర్వాత నీళ్లు పోయాలి. ఒక బస్తా సిమెంటుకు 25 నుంచి 28 లీటర్లు చాలు. నీళ్లు ఎక్కువైతే కలపడం సులువు. కానీ కాంక్రీటు బలం పోతుంది. కలిపిన ముద్ద పారతో ఎత్తితే నిలవాలి. జారి పారకూడదు.

కాలు నిలబెట్టి కాంక్రీటు పోయాలి. సలాకతో పొడుస్తూ ఉంటే లోపలి గాలి బుడగలు పోతాయి. దారానికి కట్టిన ఇనుప గుండు వేలాడదీసి, కాలు నిటారుగా ఉందో లేదో రెండు వైపుల నుంచీ చూడాలి. తర్వాత కట్టెలు ఊతం పెట్టి కదలకుండా ఉంచాలి.

మర్నాటి నుంచి 7 రోజులు తడపాలి. పాత గోనె సంచులు కప్పి వాటిని తడిగా ఉంచితే నీళ్లు తక్కువ పడతాయి. ఈ 7 రోజులు కాళ్ల మీద ఏ బరువూ వేయకూడదు. తొందరపడి రెండో రోజే దూలాలు ఎక్కిస్తే పని చెడుతుంది.

దూలాలు, రేకులు

గోడ వైపు ఎత్తు ఎనిమిదిన్నర అడుగులు. పెరటి వైపు ఎత్తు ఏడున్నర అడుగులు. ఈ ఒక్క అడుగు వాలు ఉంటే నీళ్లు ఆగకుండా జారిపోతాయి.

ఎనిమిదిన్నర అడుగుల దూలాలు 3. ఒక్కో దూలం ఒక చివర గోడ పలకకు, రెండో వైపు కాలుకు వెల్డింగ్ చేయించాలి. గోడ పలకను కాంక్రీటు బీముకు బిగిస్తే మంచిది. ఇటుకల సందులో బోల్టు నిలవదు. గోడ పాతదైనా, పక్కవాళ్లతో కలిసిన గోడైనా దానికి బిగించకూడదు. గోడ వైపు కూడా మూడు కాళ్లు పాతాలి. దానికి తగ్గట్టు పైపులు, సిమెంటు పెరుగుతాయి.

దూలాల మీద 3 అడ్డ పట్టీలు వేయాలి. గోడ దగ్గర ఒకటి, నడుమ ఒకటి, చివర ఒకటి.

రేకులు పొద్దున్నే ఎక్కించాలి. అప్పుడు గాలి తక్కువ. గాలి ఉన్నప్పుడు రేకు పట్టుకున్న మనిషినే లాగి పడేస్తుంది. ఒక రేకుకు ఇద్దరు ఉండాలి. చేతులకు గుడ్డ చుట్టుకోవాలి.

వానాకాలం గాలి ఎక్కువగా పడమర నుంచి వస్తుంది. వసారా తూర్పు పడమరలుగా ఉంటే మొదటి రేకు తూర్పు చివర వేయాలి. తర్వాత పడమర వైపు జరుగుతూ ఒక దాని అంచు మీద ఇంకోటి ఎక్కించాలి. అప్పుడు అతుకులోకి గాలి, వాన దూరవు.

స్క్రూ రేకు ఎత్తు గీత మీద బిగించాలి. నీళ్లు పారే గాడిలో బిగిస్తే కారుతుంది. రబ్బరు వాషర్ నలిగిపోయేలా తిప్పకూడదు. గాలి ముందు అంచులనే పట్టుకుంటుంది. కాబట్టి చివర్లలో, పక్క అంచుల్లో స్క్రూలు దగ్గర దగ్గరగా ఉండాలి.

కరెంటుతో జాగ్రత్త

20 అడుగుల పైపును పెరట్లో నిలువుగా ఎత్తకూడదు. అది పైన తీగకు తగిలితే పట్టుకున్న మనిషి బతకడు. పైపును నేల మీద పడుకోబెట్టే కోయాలి. కోసిన ముక్కలనే లేపాలి.

2025 ఆగస్టులో రామంతాపూర్‌లోనే కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు సోకి 5 మంది చనిపోయారు. వాళ్లు వీధిలో రథం లాగుతున్న మనుషులు. తీగ ఎవరినీ చూసి వదలదు.

వసారా అంతా ఇనుమే. ఇంటికి వచ్చే సర్వీసు వైరు రేకుకు ఆనకూడదు. బల్బు పెట్టుకుంటే వైరును ప్లాస్టిక్ పైపులోంచి తీయించాలి. ఎర్తింగ్ పెట్టించాలి. కరెంటు లీకైతే దానంతట అదే ఆగిపోయే స్విచ్ దొరుకుతుంది. దాన్ని ఇంటి బోర్డులో పెట్టించుకుంటే ప్రాణాలకు రక్ష.

నేల, వాన నీళ్లు, ఎండ

వసారా నేల పెరటి మట్టం కంటే 6 అంగుళాలు ఎత్తు ఉండాలి. కానీ ఇంటి గడప కంటే కిందికే ఉండాలి. నేల పెరటి వైపు కొంచెం వాలుగా ఉండాలి. 2020 అక్టోబరు 13న హైదరాబాద్‌లో కుండపోత వాన పడింది. చెరువుల కింద, పల్లపు కాలనీల్లో నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. అలాంటి చోట వసారా నేల నీళ్లను ఇంట్లోకి తోసేలా ఉండకూడదు.

90 చదరపు అడుగుల కప్పు మీద ఒక సెంటీమీటరు వాన పడితే 80 లీటర్లకు పైగా నీళ్లు వస్తాయి. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన పడుతుంది. అంటే ఏటా 6,500 లీటర్లకు పైగా. ఈ నీళ్లను వీధిలోకి వదిలేయకూడదు. రేకు చివర గొట్టం కట్టి డ్రమ్ములో పట్టాలి. అంట్లకు, బట్టలకు వాడుకోవచ్చు. మిగిలింది ఇంకుడు గుంతలోకి పంపితే బోరుకు మేలు. ఇంకుడు గుంత వసారా కాళ్లకు, ఇంటి పునాదికి దూరంగా ఉండాలి.

ఇనుప రేకు ఎండకు బాగా కాగుతుంది. పైన తెల్ల రంగు వేస్తే వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లటి పైకప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది. వసారా పక్కన బీర, సొర, చిక్కుడు తీగ పాకించినా నీడకు నీడ, కూరకు కూర.

ఏటా ఒకసారి

సంక్రాంతి తర్వాత, ఎండలు ముదరక ముందు ఈ పని పెట్టుకుంటే మంచిది. ఏప్రిల్ గాలులు వచ్చేసరికి వసారా సిద్ధంగా ఉంటుంది. కట్టిన తర్వాత ఏటా హోళీ నాటికి ఒకసారి చూసుకోవాలి. వదులైన స్క్రూలు బిగించాలి. కాళ్ల మొదట్లో తుప్పు ఉంటే గీకి రంగు వేయాలి. గోడ బోల్టులు కదులుతున్నాయేమో చూడాలి.

లెక్క కట్టండి

1. 20 అడుగుల పైపులోంచి 9 అడుగుల 9 అంగుళాల కాళ్లు ఎన్ని వస్తాయి? ఎంత ముక్క మిగులుతుంది?

2. మీ పెరట్లో గోడ వెంట ఎన్ని అడుగులు ఉంది? గోడ నుంచి పెరట్లోకి ఎన్ని అడుగులు ఉంది? రెండూ గుణిస్తే ఎన్ని చదరపు అడుగులు?

3. మీ వీధిలో రాళ్లు పెట్టిన రేకుల కప్పులు ఎన్ని ఉన్నాయి? వాటి కింద ఎవరు పడుకుంటున్నారు? ఆ ఇంటివాళ్లకు ఈ పాఠం చదివి వినిపించండి.